కేస్ స్టడీ: చేతిలో వేప్, జేబులో సిగరెట్ పెట్టె

నేను ఇంగ్లండ్‌లో పొగ మాన్పించే సేవలో సలహాదారుగా పనిచేస్తున్నాను. అంతకుముందు ఫార్మసిస్టుని. ఈ కేసు ఆ మనిషి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టకుండా వయసు, ఊరు, ఉద్యోగం, ఇంటి వివరాలు మార్చాను. ఆయన్ని మూర్తి గారు అందాం. తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. ఈ-సిగరెట్ (వేప్) గురించి మనవాళ్లలో రెండే మాటలు తిరుగుతుంటాయి: "అది సిగరెట్ కంటే ఘోరం" అని ఒకటి, "ఉత్త ఆవిరే, ఏమీ కాదు" అని ఇంకొకటి. మూర్తి గారు రెండూ నమ్మారు, వేర్వేరు రోజుల్లో.

నేపథ్యం

వయసు నలభై దాటింది. కోస్తా జిల్లాలో పుట్టి, ఇంజనీరింగ్ హాస్టల్లో సిగరెట్ మొదలుపెట్టి, హైదరాబాద్ మీదుగా ఇంగ్లండ్ వచ్చారు. ఐటీ ఉద్యోగం, వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. ఇంట్లో భార్య, హైస్కూల్లో చదివే కూతురు. రోజుకి ఇరవై సిగరెట్లు, నిద్ర లేచిన ఐదు నిమిషాల్లో మొదటిది వెలగాల్సిందే. నా దృష్టిలో ఆ ఐదు నిమిషాల ముక్కే ఇరవై అనే లెక్క కంటే ఎక్కువ చెబుతుంది. రాత్రంతా నికోటిన్ లేకుండా గడిపిన ఒంటికి పొద్దున ఎంత తొందరగా కావాలో చూస్తే అలవాటు ఎంత లోతుగా పాతుకుందో తెలుస్తుంది.

బీపీ బయటపడి మాత్ర మొదలయ్యాక వాళ్ల జీపీ (ఫ్యామిలీ డాక్టర్) మా దగ్గరికి పంపారు. అంతకుముందే ఆయన సొంతంగా రెండు ప్రయత్నాలు చేసి వదిలేశారు. ఒకసారి నికోటిన్ ప్యాచ్: రాత్రి కూడా తీయకుండా పెట్టుకుంటే పీడకలలు వచ్చాయని పదిరోజులకి పీకేశారు. ఇంకోసారి నికోటిన్ గమ్: మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే వెక్కిళ్లు, ఛాతీలో మంట. "అవి నాకు పడవండి" అని తేల్చేశారు. పడకపోవడం వేరు, వాడే పద్ధతి ఎవరూ చూపించకపోవడం వేరు. కానీ మొదటి రోజే ఆ వాదన పెట్టుకోలేదు. మనిషి ఒకసారి విసిగిపోయిన మందుని మళ్లీ చేతిలో పెడితే రెండో అపాయింట్‌మెంటుకి రాడు.

వచ్చిన సమస్య

మూర్తి గారు వచ్చేసరికే ఆయన దగ్గర ఒకసారి వాడి పారేసే రకం వేప్ ఉంది. అప్పటికి అవి ఇంకా అమ్మకంలోనే ఉన్నాయి. 2025 జూన్ 1 నుంచి బ్రిటన్‌లో వాటి అమ్మకం నిషేధించారు. "వేప్ మొదలెట్టాక సగం తగ్గించానండి, ఇప్పుడు పదే" అన్నారు గర్వంగానే. ఆఫీసులో, ఇంట్లో వేప్. పెరట్లో, కార్ పార్కులో సిగరెట్.

మా గదిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే చిన్న మీటర్ ఉంటుంది. ఊపిరి బిగబట్టి, గొట్టంలోకి మెల్లగా ఊదాలి. పొగ తాగనివాళ్లకి పదిలోపే వస్తుంది. ఆయనకి 24 వచ్చింది. మీటర్ పాడైందేమో అన్నారు. నేను ఊది చూపించాను, 2. ఆయన ఇంకోసారి ఊదారు. మళ్లీ 24.

ఈ మీటర్ గురించి ఆయనకి చెప్పిందే ఇక్కడా చెబుతాను, కేసంతా దీనిమీదే నడిచింది. కార్బన్ మోనాక్సైడ్ పొగాకు కాలితే పుడుతుంది. వేప్‌లో ఏదీ కాలదు. నికోటిన్ కలిసిన ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది, అంతే. కాబట్టి వేప్ ఎంత పీల్చినా ఈ మీటర్‌కి కనిపించదు, సిగరెట్ ఒక్కటే కనిపిస్తుంది. పది సిగరెట్లకి 24 వచ్చిందంటే, ఆ పదీ మునుపటికంటే గట్టిగా, చివరంటా, లోతుగా పీలుస్తున్నారన్నమాట. లెక్క సగమైంది, ఒంట్లోకి వెళ్లే పొగ సగం కాలేదు.

పైగా గుండె విషయంలో సగం తగ్గించడానికి సగం లాభం రాదు. 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం రోజుకి ఒక్క సిగరెట్ తాగినా, ఇరవై తాగేవాళ్లకి ఉండే అదనపు గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుంది. బీపీ ఉన్న మనిషికి ఈ మాట చెప్పక తప్పదు. వేప్ చేరిందా లేదా అన్నది నాకు రెండో ప్రశ్న, మొదటిది సిగరెట్ పూర్తిగా పోయిందా అని.

మొదటి నిర్ణయం: వేప్ తీసేయాలా, వేప్‌నే వాడాలా

వేప్ పక్కనపెట్టి ప్యాచ్, గమ్ కలిపి పద్ధతిగా మళ్లీ మొదలుపెట్టడం ఒక దారి. మాత్రలు ఇంకో దారి. కానీ పొగ మాన్పించడానికి ఇచ్చే వరెనిక్లిన్ మాత్ర 2021లో సరఫరా ఆగిపోయాక ఇంగ్లండ్‌లో అప్పటికింకా తిరిగి రాలేదు, ఆయనకీ బీపీ మాత్రకి తోడు ఇంకో మాత్ర ఇష్టం లేదు. మూడోది, చేతిలో ఉన్న వేప్‌నే సిగరెట్‌కి పూర్తి ప్రత్యామ్నాయంగా మార్చడం.

మూడోదే ఎంచుకున్నాం. ఇక్కడి పొగ మాన్పించే సేవల్లోనే 886 మందితో జరిగి 2019లో ప్రచురితమైన అధ్యయనంలో, ఏడాది తర్వాత సిగరెట్‌కి దూరంగా ఉన్నవాళ్లు వేప్ గుంపులో 18 శాతం, ప్యాచ్, గమ్ లాంటి వాటి గుంపులో 9.9 శాతం. రెండు గుంపులకీ వారం వారం సలహాదారు సాయం ఉంది. ఈ లెక్కను రెండో వైపు నుంచి కూడా ఆయనకి చెప్పాను: వేప్ ఇచ్చినవాళ్లలో 82 శాతం మంది ఏడాదికి మానలేకపోయారు. ఇదేదో మంత్రం కాదని ముందే తెలిస్తే, మధ్యలో తడబడినా మనిషి మా దగ్గరికే తిరిగొస్తాడు.

ఆ వారమే అమెరికాలో ఉన్న తమ్ముడి నుంచి వాట్సాప్‌లో ఒక పాత వార్త వచ్చింది, వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని జనం చనిపోయారని. వార్త నిజమే. 2019, 2020ల్లో అమెరికాలో 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు లేదా చనిపోయారు, మృతులు 68 మంది. కానీ వాటిలో ఎక్కువ కేసులు దొంగచాటుగా అమ్మిన గంజాయి నూనె వేప్‌లవి, అందులో కలిపిన విటమిన్ ఈ అసిటేట్ ప్రధాన కారణమని తేలింది. ఇక్కడ అనుమతి ఉన్న నికోటిన్ ద్రవాల్లో అది కలపకూడదు. ఇది చెప్పి, ఇంకో మాట కూడా కలిపాను: వేప్ ఊపిరితిత్తులకి మంచిదని నేను అనడం లేదు. సిగరెట్ తాగనివాళ్లు ముట్టుకోనక్కర్లేదు, మీ అమ్మాయి అసలు ముట్టుకోకూడదు. రోజుకి ఇరవై తాగుతూ వచ్చిన మీకు మాత్రం లెక్క వేరు.

ఏం ప్రయత్నించాం, ఏం కుదరలేదు

పారేసే రకానికి బదులు ద్రవం నింపుకునే చిన్న పాడ్ కిట్ ఇచ్చాం. ద్రవం మాత్రం ఆయనే షాపులో కొన్నారు, మిల్లీలీటరుకి 6 మిల్లీగ్రాములది. "నికోటిన్ తక్కువైతే హాని తక్కువ కదండీ" అని ఆయన లెక్క. వినడానికి బాగుంటుంది, పని చేయదు. ఇరవై సిగరెట్ల ఒంటికి ఆ బలం చాలదు. వారమంతా పొద్దస్తమానం వేప్ నోట్లోనే ఉంది, సాయంత్రానికి మళ్లీ పెరట్లోకి వెళ్లారు. మీటర్ 19 చూపించింది.

ఇక్కడ నేను ఎక్కువసేపు మాట్లాడాల్సి వచ్చింది. అలవాటు చేసేది నికోటినే. అది అమాయకమైనదేం కాదు, కాసేపు గుండె వేగం, బీపీ పెంచుతుంది. కానీ క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బు, గుండెపోటు తెచ్చేది ముఖ్యంగా పొగాకు కాలినప్పుడు వచ్చే తారు, వాయువులు. నికోటిన్ తగ్గించి పొగను అలాగే ఉంచుకోవడం తలకిందుల బేరం. జీపీతో మాట్లాడి, ఇంట్లో బీపీ చూసుకునే ఏర్పాటు చేసుకుని, ఇక్కడ చట్టం ఒప్పుకునే గరిష్ఠ బలానికి, అంటే మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్ ద్రవానికి మారాం. అది గొంతులో మంట పెట్టదు, కోరిక తొందరగా తీరుతుంది.

పీల్చే తీరు కూడా మార్చాలి. సిగరెట్ అలవాటున్నవాళ్లు వేప్‌ని కూడా చటుక్కున లాగి వదిలేస్తారు. అలా లాగితే కాయిల్ (ద్రవాన్ని వేడిచేసే తీగ) సరిగా వేడెక్కదు, నోట్లోకి వచ్చేది సగం గాలే. మెల్లగా మూడు నాలుగు సెకన్లు లాగాలి. నా ముందే నాలుగైదుసార్లు లాగి చూశారు. పొగాకు రుచి ద్రవం వాడితే సిగరెట్టే గుర్తొస్తోందన్నారు, పుదీనా రకానికి మారారు.

మానే రోజు పెట్టుకోమంటే పంచాంగం చూస్తానన్నారు. నాకేం అభ్యంతరం? అమావాస్య దాటాక ఒక గురువారం కుదిరింది. ఆ రోజు నుంచి ఒక్క దమ్ము కూడా వద్దన్నది ఒప్పందం. పొద్దుటి మొదటి సిగరెట్‌కి ప్రత్యేకంగా ఏర్పాటు చేశాం. వేప్ రాత్రే నింపి, ఛార్జింగ్ పెట్టి, బాత్రూంలో బ్రష్ పక్కన ఉంచాలి. కిందికి దిగి పెరటి తలుపు దాకా వెళ్లకముందే అది చేతిలో ఉండాలి. వారం తిరిగేసరికి మీటర్ 4.

కాఫీ సంగతి

రెండో వారంలో ఆయన ఫోన్ చేశారు. చేతులు వణుకుతున్నాయి, గుండె దడగా ఉంది, రాత్రి ఒంటిగంట దాకా నిద్ర లేదు. "మేడమ్, ఈ వేప్ డోసు ఎక్కువైంది, మళ్లీ ఆరుకి దిగిపోతాను."

దిగిపోతే సిగరెట్ తిరిగొస్తుందని నా భయం. వేప్ ద్రవం ఎంత వాడుతున్నారో అడిగాను, మొదటి వారం కంటే తగ్గింది. నికోటిన్ ఎక్కువైతే వచ్చే వికారం, తలతిప్పు లేవు. బీపీ కూడా పెరగలేదు. మానేసినప్పుడు వచ్చే చిరాకు, కోరిక అంటే అవి తగ్గుముఖం పట్టాయి. మిగిలింది కాఫీ. పొద్దున రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ, ఆఫీసులో మూడు నాలుగు కప్పులు, సాయంత్రం టీ.

సిగరెట్ పొగలోని తారు పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమ్‌ని ఉరకలెత్తిస్తాయి. సీవైపీ 1ఏ2 అని దాని పేరు. కెఫీన్‌ని అరగదీసేది అదే. పొగ ఆగిన కొన్నిరోజుల్లో దాని జోరు తగ్గుతుంది, అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు, ఎక్కువ మోతాదులో నిలుస్తుంది. ఈ పని చేసేది నికోటిన్ కాదు, పొగ. అందుకే వేప్‌కి మారినా ఈ మార్పు తప్పదు. ఫార్మసీలో పనిచేసిన రోజుల్లో థియోఫిలిన్ (ఉబ్బసం మందు), క్లోజపిన్ (మానసిక జబ్బు మందు) వాడేవాళ్ల విషయంలో ఇదే చూసేవాళ్లం, సిగరెట్ మానితే డాక్టర్లు డోసు మళ్లీ చూడాల్సి వచ్చేది. కాఫీకి మాత్రం ఎవరూ చీటీ రాయరు కాబట్టి ఎవరూ అడగరు.

వేప్ బలం కదిలించకుండా కాఫీ సగం చేయమన్నాను, మధ్యాహ్నం తర్వాత వద్దన్నాను. దానికి ఆయన చేసిన గొడవ సిగరెట్‌కి కూడా చేయలేదు. నాలుగైదు రోజుల్లో నిద్ర కుదుటపడింది, వణుకు పోయింది.

ఇండియా ప్రయాణం

మూడు నెలలు నిలకడగా గడిచాక మేనకోడలి పెళ్లి వచ్చింది. మూడు వారాల సెలవు. భారతదేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రచారం అన్నీ నిషేధం. దిగుమతికైతే మొదటి తప్పుకే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. "సొంత వాడకానికి ఒకటే కదా, సంచిలో పడేసుకుంటాను" అన్నారు. ఎయిర్‌పోర్టులో ఆ వాదన పెట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. అక్కడ హైదరాబాద్‌లో ఎవరో తెలిసినవాళ్లు చాటుగా తెప్పిస్తారన్నారు, దానికీ వద్దన్నాను. చాటున అమ్మే సరుకులో ఏముందో చెప్పే నాథుడుండడు.

ఆయన ఒకప్పుడు వద్దన్న ప్యాచ్, గమ్ ఇప్పుడు మళ్లీ బయటికి తీశాం, ఈసారి పద్ధతి చెప్పి. ప్యాచ్ 21 మిల్లీగ్రాములది పొద్దున అంటించి, పడుకునేముందు తీసేయాలి, అప్పుడు పీడకలలు రావు. ప్యాచ్ సెలైన్ డ్రిప్‌లా రోజంతా కొంచెం కొంచెం ఇస్తుంది. ఉన్నట్టుండి వచ్చే కోరికకి గమ్. నాలుక చురుక్కుమనేదాకా నమిలి, బుగ్గలో పెట్టి ఆపాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ, టీ తాగాక పావుగంట ఆగాలి, లేకపోతే నోట్లో నికోటిన్ ఒంటికి పట్టదు. పెళ్లింట్లో ఈ పావుగంట దొరకడమే కష్టం, ఎవరో ఒకరు టీ గ్లాసు చేతిలో పెడుతూనే ఉంటారు. ఆ సంగతి ఆయనే చెప్పి నవ్వారు. గమ్ అయిపోతే 2 మిల్లీగ్రాములది అక్కడి మెడికల్ షాపుల్లో చీటీ లేకుండానే దొరుకుతుందని చెప్పాను. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800-11-2356 ఫోన్లో ఎక్కించుకోమన్నాను.

ఏయే చోట్ల చెయ్యి సిగరెట్ వైపు పోతుందో కూర్చుని జాబితా రాశాం. "పెరుగు తెస్తాను" అని ఇంట్లోంచి బయటపడి కిళ్ళీ కొట్టు దగ్గర ఆగడం ఆయన పాతికేళ్ల అలవాటు. ఊరెళ్లినప్పుడల్లా అదే. ఈసారి పెరుగు తెచ్చే పని మేనల్లుడికి అప్పగించారు. అంతవరకూ బాగానే జరిగింది.

మేనమామగా పెళ్లికూతురిని బుట్టలో మోసుకొచ్చి, రాత్రి రెండింటికి విడిదిలో నడుం వాల్చబోతుంటే కింద పేకాట మొదలైంది. బావగారు పెట్టె చాచారు. అప్పటికి ప్యాచ్ తీసేశారు, గమ్ పైజామా జేబులో కాదు, విప్పి తగిలించిన ప్యాంటు జేబులో ఉంది. రెండు సిగరెట్లు తాగారు.

మర్నాడు నాకు మెసేజ్ పెట్టారు: "అంతా పోయింది మేడమ్." ఇలాంటప్పుడు రెండు దారులు. మానే రోజు మళ్లీ మొదటినుంచి పెట్టుకోవచ్చు, లేదా జరిగింది జరిగినట్టే వదిలి సాగిపోవచ్చు. రెండోదే చెప్పాను. ఒక రాత్రి తాగిన రెండిటికి మళ్లీ ముహూర్తం పెడితే, ఆ ముహూర్తం దాకా తాగొచ్చని మనసు లెక్కేసుకుంటుంది. ప్యాచ్ ఆపవద్దన్నాను. సిగరెట్ తాగాను కదా, ప్యాచ్ ఇంక దేనికి అని తీసేయడమే చాలామందిని పూర్తిగా వెనక్కి లాగుతుంది. బావగారికి విషయం చెప్పేయమన్నాను. ఆ ఒక్కటి ఆయనకి మొహమాటం. అయినా చెప్పారు, బావగారు మళ్లీ పెట్టె చాపలేదు. తిరిగొచ్చాక మీటర్ 3.

పనిచేసింది ఏమిటి

ఒక్కదాని పేరు చెప్పమంటే, సరిపడా బలమున్న ద్రవం. రెండోది, వారం వారం మీటర్‌లో ఊదడం. ఆయన మాటలోనే చెప్పాలంటే మీటర్‌తో మొహమాటం పనికిరాదు. రుచి, పరికరం రకం గురించి ఆన్‌లైన్‌లో జరిగే చర్చలకి అంత విలువ ఉందని ఈ కేసులో నాకనిపించలేదు.

నా పనిలో మారినవి కొన్ని ఉన్నాయి. వేప్ వాడుతున్నానని ఎవరు చెప్పినా ద్రవం బలం ఎంత, ఒక సీసా ఎన్నిరోజులొస్తుంది, మీటర్ ఎంత చూపిస్తోంది అని వెంటనే అడుగుతాను. కాఫీ, టీల లెక్క మొదటి రోజే రాసుకుంటాను. మనవాళ్లని "ఇండియా ఎప్పుడు వెళ్తున్నారు" అని కూడా అప్పుడే అడుగుతాను. ఇంకొకటి, భార్య పక్కన ఉంటే సిగరెట్ల లెక్క సగానికి పడిపోతుంది. మొదటి అపాయింట్‌మెంట్‌లో కొంతసేపైనా ఒంటరిగా మాట్లాడాలి.

ప్రస్తుతం

సిగరెట్ లేకుండా ఏడాది దాటింది. మీటర్ 2, 3 మధ్య ఉంటోంది. బీపీ మాత్ర కొనసాగుతోంది, అది జీపీ చూసుకుంటున్నారు. ఇంట్లో ద్రవం సీసాలు తాళం వేసిన సొరుగులో ఉంటాయి, కూతురి ముందు వేప్ తీయరు.

వేప్ మాత్రం ఇంకా ఉంది. భార్య అసంతృప్తి అదే: "సిగరెట్ పోయి ఇది తగులుకుంది." ఆమె మాటలో న్యాయం ఉంది. నేను చెప్పిన అధ్యయనంలో కూడా వేప్‌తో సిగరెట్ మానినవాళ్లలో 80 శాతం మంది ఏడాది తర్వాత వేప్ వాడుతూనే ఉన్నారు. రెండో గుంపులో ప్యాచ్, గమ్ లాంటివి ఇంకా వాడుతున్నవాళ్లు 9 శాతమే. అయినా ఆర్నెల్లకే వేప్ లాక్కుందామని ఆమె అడిగినప్పుడు నేను ఒప్పుకోలేదు. పేకాట రాత్రి తర్వాత ఆయనకి సిగరెట్ కోరిక పూర్తిగా పోయిందన్న నమ్మకం నాకు లేదు. ద్రవం బలం 20 నుంచి 10కి, అక్కడినుంచి ఇప్పుడు 6కి దించాం. ప్రతి మెట్టు దగ్గరా సిగరెట్ వైపు మనసు పోవడం లేదని చూసుకున్నాకే కిందికి. ఒకప్పుడు పనిచేయని ఆరే ఇప్పుడు రోజంతటికీ సరిపోతోంది.

ఈ సంక్రాంతికి మళ్లీ ఊరెళ్తున్నారు. ఎలాగూ అక్కడ వేప్ ఉండదు కాబట్టి, దాన్ని మానే తేదీగా ఆ ప్రయాణాన్నే పెట్టుకున్నాం: వెళ్లేటప్పుడు 14 మిల్లీగ్రాముల ప్యాచ్, తర్వాత 7, గమ్ ఏ బట్టలు వేసుకున్నా ఆ జేబులోనే, తిరిగొచ్చాక పాడ్ కిట్ ముట్టుకోకుండా ముందు నన్ను కలవడం.